తెరవని షీటు

ఒక మంగళవారం పొద్దున, పదకొండు దాటాక, కావలిలో ఒక టీ బంకు ముందు బండి స్టాండు వేసి దాని మీదే కూర్చుని, ఫోన్‌లో ‘చూశాను’ అని ఉన్న గడి మీద వేలు పెట్టాను. గడి పచ్చగా మారింది. చూశానని ఒప్పుకున్న ఆ డ్రాయింగు షీటును నేను తెరవలేదు.

ఇది అక్కడి నుంచే చెప్పాలి. చాలా రోజులు నాకు నేను దీన్ని మధ్యలోంచి చెప్పుకున్నాను. మధ్యలోంచి చెబితే నేను పెద్దగా ఏమీ చేయనట్టు ఉంటుంది.

మాది కొడవలూరు దగ్గర వరి పండించే ఇల్లు. నేను సివిల్ డిప్లొమా చేసి ఇరవై ఏళ్ళకు పైగా సైట్ల మీదే బతికాను. అప్పుడు కావలి కాంట్రాక్టరు ఒకాయన దగ్గర సైట్ ఇన్‌ఛార్జిని. అందరం ఆయన్ని అన్న అనేవాళ్ళం. సముద్రానికి కాస్త ఇవతల, రొయ్యల గుంటల మధ్య, రొయ్యలు శుభ్రం చేసి గడ్డ కట్టించే ఫ్యాక్టరీ ఒకటి కడుతున్నాం. చూడ్డానికి పెద్ద షెడ్డులా ఉంటుంది కానీ లోపలంతా పైపులే. చల్లటి నీళ్ళు పోయేవి, మురుగు పోయేవి, గ్యాసు పోయేవి. పైపు పోవాలంటే బీమును దాటాలి. బీమును దాటాలంటే కాంక్రీటు పోయకముందే అక్కడ ఒక గొట్టం ముక్క పెట్టి బొక్క వదలాలి. ఆ బొక్క ఎక్కడ వదలాలనే దాని మీద మా ప్రాంతంలో జరిగినన్ని గొడవలు పొలం గట్ల మీద కూడా జరిగి ఉండవు. మేం కట్టి వెళ్ళిపోయేవాళ్ళం. పైపుల వాళ్ళు వచ్చి సుత్తితో కొట్టేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక కరెంటు వాళ్ళు వచ్చి ఇంకోచోట కొట్టేవాళ్ళు. చివరికి అందరూ కలిసి, ఆ రోజు అక్కడ లేనివాడిని తిట్టుకునేవాళ్ళు.

ఇది ఆపాలనే కావలిలో బిల్డర్ల సంఘం హాల్లో ఒక సమావేశం పెట్టారు. కాంట్రాక్టర్లు, పైపుల వాళ్ళు, కరెంటు పని వాళ్ళు, ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఇద్దరు లెక్చరర్లు, నెల్లూరు నుంచి ఆర్కిటెక్ట్ మేడమ్. కట్టబోయే భవనాన్ని ముందు కంప్యూటర్లో మొత్తం కట్టేయడాన్ని బిమ్ అంటారని, మేడమ్ తెర మీద చూపించారు. గోడలు, కడ్డీలు, పైపులు, వైర్లు, అన్నీ ఒకే బొమ్మలో. దాన్ని తిప్పవచ్చు, కోసి చూడవచ్చు. ఒక పైపు వెళ్ళి బీమును గుద్దుకుంటే అక్కడ ఎర్రగా వెలుగుతుంది.

“మేడమ్, ఇంటర్వెల్ ఎప్పుడు?” అన్నాడు వెనక నుంచి ఒక కాంట్రాక్టరు.

“సినిమా బాగుండాది గానీ, సిమెంటు కూడా ఆ కంప్యూటర్లోనే కలుపుతారా?” అన్నాడు ఇంకొకాయన.

మేడమ్ కూడా నవ్వారు. “సిమెంటు మీరే కలపాలి. పగలగొట్టే పని మాత్రం కంప్యూటర్లోనే అయిపోతుంది. అక్కడ పగలగొడితే దుమ్ము రాదు” అన్నారు.

స్ట్రక్చరల్ ఇంజినీరు ఒక పెద్దాయన ఉన్నారు, మాట తక్కువ. ఆయన లేచి, “మనం నలుగురం నాలుగు బొమ్మలు గీస్తాం. విడివిడిగా నాలుగూ సరైనవే. తెచ్చి కలిపినప్పుడే తప్పు. ఒకే బొమ్మ గీసుకుందాం” అని కూర్చున్నారు. అందరికీ ఆ మాట నచ్చింది. మొదట మా రొయ్యల ఫ్యాక్టరీనే ఇలా కట్టడానికి మా అన్న ఒప్పుకున్నాడు. నేను వెంటనే చెయ్యెత్తి సైటు తరఫున చూసుకుంటానన్నాను.

పద్ధతి ఇది. ఎవరు ఏది జరిపినా ఆ రోజే మోడల్లో, అంటే ఆ కంప్యూటర్ బొమ్మలో, పెట్టాలి. మిగతా వాళ్ళందరికీ ఫోన్‌లో కబురు వస్తుంది. వాళ్ళు ఆ షీటు తెరిచి చూసి, ‘చూశాను’ నొక్కాలి. నొక్కితే పచ్చ, నొక్కకపోతే ఎరుపు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి సైటు ఆఫీసులో బల్ల చుట్టూ కూర్చుని ఎరుపు ఉన్నవాటి గురించే మాట్లాడాలి. పచ్చవాటిని ఎత్తకూడదు, టైము పోతుంది. ఇది అందరం కలిసి పెట్టుకున్న నియమం. ఎవరి మీదా అనుమానంతో పెట్టింది కాదు, ఒకరినొకరు నమ్ముకుని పెట్టింది.

గోడ మీద తెరలో ఒక్కొక్కరికి ఒక్కో వరస గళ్ళు. నా వరస ఎప్పుడూ పచ్చగా ఉండేది. “మావాడి వరస చూడండి, కొడవలూరు వరి మడి లాగా ఉండాది” అనేవాడు అన్న, వచ్చినవాళ్ళందరితో. నాకు ఆ మాట ఎంత బాగుండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది. పచ్చగా ఉంచడమే నా పని అనుకోవడం మొదలుపెట్టాను.

చూసిన షీటును పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, కడ్డీల మేస్త్రికి ఇవ్వడం, పాత షీటు వెనక్కి తీసుకోవడం కూడా నా పనే. మేస్త్రిది బిట్రగుంట. రైల్వే క్వార్టర్స్ వెనక చిన్న ఇల్లు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళుగా కడ్డీలు వంచుతున్నాడు, కింద పద్నాలుగు మంది మనుషులు. ఇంగ్లీషు చదవడు కానీ అంకెలు, బొమ్మలు చదువుతాడు. ఆయన పని పద్ధతి ఒకటుంది, ఇంకెక్కడా చూడలేదు. షీటు అందగానే కడ్డీ ముట్టుకోడు. నేల ఊడిపించి, సుద్దముక్కతో ఆ బీమును అసలు కొలతలతో నేల మీద గీస్తాడు. కడ్డీల చుట్టూ బిగించే ప్రతి రింగుకూ ఒక గీత. బొక్క ఉంటే గుండ్రంగా చుడతాడు. గీశాక చెప్పులు విడిచి, ఆ చివర నుంచి ఈ చివరకు దాని మీద నడుస్తాడు. మనుషులను కూడా నడిపిస్తాడు. కాగితం మీద దొరకని తప్పు కాళ్ళకు దొరుకుతుందనేవాడు. మేడమ్ ఒకసారి అది చూసి ఫోటో తీసుకున్నారు.

ఆ మంగళవారం సంగతి. వచ్చే వారం గూడూరు, నెల్లూరు నుంచి బిల్డర్లు మా మోడల్ చూడడానికి వస్తున్నారు. పన్నెండు లోపల అన్నీ పచ్చగా ఉండాలని అన్న ఫోన్ చేశాడు. నాకు ఏడు కబుర్లు వచ్చి ఉన్నాయి. ఆరు తెరిచాను. ఏడోది ‘తూర్పు వరస బీములు, పైపు దారి’ అని ఉంది. అదే పేరుతో ముందు వారం ఒకటి వచ్చింది, చూశాను, మేస్త్రికి ఇచ్చాను. ఇదీ అదే అనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా ఎక్కువే. టీ చల్లారుతోంది, ఎండ ఫోన్ మీద పడి కళ్ళకు కొడుతోంది. నొక్కేశాను.

ఆ షీటులో ఏముందంటే, స్ట్రక్చరల్ ఇంజినీరు ఆ వరసలో మూడు బీములకూ పైపు బొక్కను పిల్లర్ పక్క నుంచి బీము నడుముకు, ఒక బారెడు దూరం జరిపారు.

గురువారం మేస్త్రి నన్ను పిలిచాడు. నేల మీద సుద్ద గీతలు. ఆయన చెప్పులు లేకుండా బొక్క దగ్గర నిలబడి ఉన్నాడు.

“సార్, ఒక్క నిమిషం ఇట్ట రండి.”

“ఏంది మేస్త్రీ?”

“ఈ బొక్క పిల్లర్ మొదట్లో ఉండాది.”

“ఉంటే?”

“పిల్లర్ కాడ గదా బీముకు బలం కావాల్సింది. రింగులు చూడండి, యాడ ఇరికించేది? నా మనసు ఒప్పుకోలా. ఒక తూరి ఫోన్ చేసి అడగండి.”

“నలుగురు ఇంజినీర్లు చూసిన మోడల్ ఇది. నీ సుద్దముక్క కంటే తక్కువా?”

ఆయన మనుషులు నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు. “మోడల్ని అనలా సార్. షీటు ఇదేనా, దీని తర్వాత ఇంకోటి ఏదన్నా వచ్చినాదా అని.”

“ఇదే.”

శనివారం కడ్డీలు కడుతూ మళ్ళీ అడిగాడు. “ఇదే” అన్నాను. ఫోన్ నా జేబులోనే ఉంది. తీసి చూడడానికి ఎంతసేపు పడుతుంది? కానీ తీస్తే, మేస్త్రి చెబితే సార్ చూసుకున్నాడని పద్నాలుగు మంది అనుకుంటారు. అప్పుడు నా మనసులో ఉన్నది అదే. ఇంకేదో కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను.

స్లాబు రోజు తెల్లవారగానే మిక్సర్ లారీలు వచ్చి వరసగా నిలబడ్డాయి. మా దగ్గర అలవాటు ప్రకారం అన్న కొబ్బరికాయ కొట్టాడు, తర్వాత మేస్త్రి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. ఎవరికీ దెబ్బ తగలకూడదని, ఈ కట్టడం కింద పని చేసేవాళ్ళు చల్లగా ఉండాలని. ఆమెన్ అని హెల్మెట్ పెట్టుకుంటూ నా వైపు తిరిగాడు.

“సార్, ఆ బొక్క...”

“మేస్త్రీ, లారీ తిరగతా ఉండాది. పోయించు.”

పోశారు. మధ్యాహ్నం అందరికీ మాంసం కూర, అన్నం. మేస్త్రి నా పక్కనే కూర్చుని తిన్నాడు.

మూడు వారాలకు, కాంక్రీటు కింద ఆపుగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు తీశారు. పైపుల కంపెనీ ఇంజినీరు ఫోన్ ఎత్తి పట్టుకుని తూర్పు వరస కింద అటూ ఇటూ నడిచాడు. నేను నిచ్చెన దగ్గర ఉన్నాను.

“సార్, ఇక్కడ ఉండాల్సిన బొక్క అక్కడుందేంటి?” అన్నాడు. “మూడు బీములకూ అట్నే ఉండాది.”

అక్కడే పక్కకు వెళ్ళి, ఆ ఏడో షీటును మొదటిసారి తెరిచాను. అంతా అందులో ఉంది. ఎర్ర బాణం గుర్తు కూడా పెట్టారు, నాలాంటివాడు కూడా చూడకుండా పోకూడదని.

మంగళవారం బల్ల దగ్గర ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. పాత రోజుల్లాగా నేనూ అరిచేవాణ్ణి. స్ట్రక్చరల్ ఇంజినీరు, పిల్లర్ పక్క బొక్కలను గట్టిపడే సిమెంటు మందుతో పూడ్చి, బీముకు రెండు వైపులా ఇనుప పలకలు బిగించాలని, పైపును బీము కింద నుంచి తిప్పాలని చెప్పారు. రెండు వారాల పని. తర్వాత మామూలుగా అడిగారు, “కొత్త షీటు సైటుకు అందిందా?”

అందరూ గోడ మీద తెర వైపు చూశారు. నా వరస పచ్చగా ఉంది.

“అందింది సార్” అన్నాను. “మేస్త్రి పాతది చూసి కట్టినట్టున్నాడు.”

ఇంతే. ఒక వాక్యం. ముందుగా అనుకుని వెళ్ళింది కూడా కాదు. ఆ పచ్చ రంగు అప్పటికే నా బదులు అబద్ధం చెప్పేసింది, నేను దాని వెనకాల నడిచాను.

“కళ్ళు కనపడనోడిని పెట్టుకుంటే ఇట్నే ఉంటాది” అన్నాడు అన్న. “మార్చెయ్.”

మేస్త్రి మర్నాడు తన మనుషులతో సామాను సర్దుకున్నాడు. కడ్డీలు వంచే ఇనుప పనిముట్లు, తీగ బిగించే కొక్కేలు, సుద్దముక్కల డబ్బా. వెళ్ళే ముందు నా దగ్గరకు వచ్చాడు. తిడతాడని, మూడుసార్లు అడిగాను కదా అని నిలదీస్తాడని అనుకున్నాను.

“తప్పయిపోయినాది సార్” అన్నాడు. “మీరు కొత్తది ఇచ్చే ఉంటారు. యాడ పెట్టినానో, ఎట్ట మర్చిపోయినానో తెలియడం లా. మీకు మాట తెచ్చినాను.”

నేను భుజం మీద చెయ్యి వేసి, “పోనీలే మేస్త్రీ” అన్నాను. క్షమించినవాడిలా.

ఆ చెయ్యి గురించి నేను ఎక్కువ రాయలేను.

తర్వాత రోజుల్లో ఒకచోట కూర్చోలేకపోయాను. కొత్త మేస్త్రి వచ్చాడు, పని నడిచింది. నాకు మాత్రం కుర్చీలో పది నిమిషాలు ఉంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. అవసరం లేకపోయినా ఇనుము కొట్టుకు, కంకర క్రషర్‌కు, ఆఫీసుకు బండి మీద తిరిగేవాణ్ణి. ప్రతి కబురునూ రెండేసిసార్లు తెరిచి చూసేవాణ్ణి. ఇప్పుడు తెరిచినందువల్ల ఏం లాభమని తెలిసీ తెరిచేవాణ్ణి. బిట్రగుంట వైపు రెండుసార్లు బయలుదేరాను. ఒకసారి రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి పోయేంతలో మనసు మార్చుకుని వెనక్కి తిప్పాను. రెండోసారి గేటు కూడా పడలేదు, అయినా వెనక్కి వచ్చేశాను.

మేస్త్రి సంగతి సిమెంటు కొట్టు దగ్గర ఆయన మనిషి ఒకడు చెప్పాడు. “మా మేస్త్రి మేస్త్రీపని మానేసినాడు సార్. షీటు పట్టుకోడంట. ఇంకో మేస్త్రి కింద కూలికి పోతా ఉండాడు, చెప్పిన కాడ తీగ ముళ్ళేసి వస్తాడు. మాకెవరికీ ఏమీ చెప్పడు. సుద్దముక్కల డబ్బా కూడా నాకు ఇచ్చేసినాడు.”

ఆ డబ్బా మాట విన్నాక ఆ రోజు ఏం చేశానో నాకు గుర్తులేదు.

అదే నెలలో మేడమ్ ఒక మాట చెప్పారు. మా మోడల్ చూసి ఇంకో నాలుగు కంపెనీలు ఈ పద్ధతిలోకి వస్తున్నాయి. వాళ్ళకు మన తప్పులు కూడా చూపిద్దాం, దాచుకుంటే వాళ్ళూ అవే చేస్తారు అన్నారు. తూర్పు వరస బీముల గురించి ఒక పేజీ నన్నే రాయమన్నారు. “పేర్లు వద్దు. ఎక్కడ జారిందో చాలు” అన్నారు.

రాయడానికి కూర్చున్నాను. ‘కొత్త షీటు అందినప్పటికీ సైటులో కడ్డీల మేస్త్రి...’ అని మొదలుపెట్టి ఆగాను. నోటితో చెప్పిన మాట బల్ల దగ్గరే పోయింది. ఇది పోదు. కాలేజీ పిల్లలు చదువుతారు, కొత్త కంపెనీల వాళ్ళు చదువుతారు, ముసలి మేస్త్రులతో జాగ్రత్త అని నేర్చుకుంటారు.

తేదీ సరిచూసుకుందామని ఆ షీటు చరిత్ర పేజీ తెరిచాను. మోడల్లో ప్రతి షీటుకూ అలాంటి పేజీ ఉంటుంది, ఎవరూ చూడరు. ‘చూశాను’ నొక్కినవారిలో నా పేరు ఉంది. దాని కింద, షీటు తెరిచినవారు అని ఇంకో వరస. మేడమ్, స్ట్రక్చరల్ ఇంజినీరు, పైపుల వాళ్ళు, కరెంటు వాళ్ళు. అందులో నా పేరు స్లాబు పడిన మూడు వారాల తర్వాత ఉంది. నిచ్చెన దగ్గర నిలబడి తెరిచిన ఆ రోజు, ఆ నిమిషంతో సహా. అన్ని రోజులుగా అందరికీ కనిపించేట్టు అది అక్కడే ఉంది. నేను చెప్పిన మాటను నమ్మారు కాబట్టి ఎవరూ వెతకలేదు.

ఆదివారం ఆరాధన అయిపోయే వేళకు బిట్రగుంట వెళ్ళాను. మేస్త్రి అప్పుడే చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కాతో వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లేచి, “వందనాలు సార్, రండి రండి” అన్నాడు. ఇంట్లో నుంచి ఆయన భార్య వచ్చింది.

“కూర్చోండయ్యా. మీ కాయితం దొరకలా” అంది ఆమె, నేను అడగకముందే. “బీరువా కింద, మంచం కింద, పాత క్యాలెండర్ల మధ్యన, అంతా ఎతికినాము. ఈయన చర్చిలో పాటల పుస్తకం కూడా ఇప్పి దులిపినాడు.”

ఆమె నీళ్ళు తెచ్చి పెట్టింది.

“కళ్ళు చూపించుకున్నాను సార్, కావలిలో” అన్నాడు మేస్త్రి. “పొర ఏమీ లేదంట. అద్దాలు చాలంట. అప్పుడింకా భయమేసినాది. కళ్ళు బాగుంటే మరి బుర్రే గదా పోయింది? మా నాయన కడకు అట్నే అయిపోయినాడు, నన్నే ఎవరు నువ్వని అడిగినాడు. అందుకే షీటు పట్టుకోవడం మానుకున్నాను. పద్నాలుగు మంది నా మాట మీద బీము ఎక్కుతారు గదా.”

“అక్కా, మీరు కూడా ఉండండి” అన్నాను. ఆమె గడప దగ్గర ఆగింది. “ఆ కాగితం మీ ఇంట్లో లేదు. నేను ఇవ్వలేదు.”

మేస్త్రి అర్థం కానట్టు చూశాడు. “కొత్తది?”

“ఇవ్వలేదు. నేనే తెరిచి చూడలేదు. చూడకుండానే చూశానని నొక్కాను. మీరు అడిగినప్పుడు కూడా చూడలేదు. తర్వాత తప్పు మీ మీద వేశాను.”

“అసలు ఇయ్యలేదా?”

“లేదు.”

“నా చేతికి రానే లేదా?”

“రాలేదు మేస్త్రీ.”

ఆయన ముఖంలో కోపం వస్తుందని చూస్తున్నాను. వచ్చింది కోపం కాదు. భార్య వైపు తిరిగి, “వింటివా? ఇయ్యలేదంట!” అన్నాడు. లాటరీ తగిలినవాడిలా. “నేను మర్చిపోలా. నా కాడికి రాలేదంట అసలు!” లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. మా సైటులో నేనిచ్చిన షీట్లన్నీ మడత నలగకుండా అందులో ఉన్నాయి. పాత షీట్లు వెనక్కి తీసుకోవడం నేను ఎప్పుడో మానేశాను, అదీ నా పనే. తూర్పు వరసది తీసి మోకాళ్ళ మీద పరిచి, కుడివైపు కింది మూల తేదీ మీద వేలు పెట్టాడు. “ఇదే గదా మీరిచ్చింది. ఇందులో ఎట్ట ఉండాదో అట్నే గీసినాను. బొక్క కాడ నిలబడి మిమ్మల్ని పిలిచినాను కూడా.”

“పిలిచారు.”

“మూడు తూర్లు అడిగినాను.”

“మూడుసార్లు.”

“స్లాబు రోజు కూడా.”

“స్లాబు రోజు కూడా.”

ఒక్కొక్కటీ నాతో అవుననిపించుకుంటూ, తన జ్ఞాపకాన్ని వేళ్ళ మీద సరిచూసుకున్నాడు. రింగుల మధ్య ఎంత ఎడం ఉందో, ఆ రోజు ఎవరెవరు పనికి వచ్చారో, నేను సుద్దముక్క గురించి ఏమన్నానో. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను అవునన్నప్పుడల్లా ఆయన వీపు కొంచెం నిటారు అయింది.

“ఈయనకు బుర్ర బాగుండాది, సరే” అంది భార్య గడప దగ్గర నుంచి. “మీకేమొచ్చినాదయ్యా? ఒక్కో కాయితం పట్టుకుని ఇదేనా, ఇదేనా అని ఈయన ఏడుస్తా ఉంటే నేను చూసినాను.”

క్షమించమన్నాను. ఆ మాట వాకిట్లో ఎండలో అలాగే ఉండిపోయింది, ఎవరూ తీసుకోలేదు.

మేస్త్రి షీటు మడిచి సంచిలో పెట్టాడు. అప్పుడు వచ్చింది కోపం, కానీ గొంతు పెరగలేదు.

“నా ఇంట్లో చెప్పినారు, బాగుండాది. నన్ను గురించి యాడ చెప్పినారు ముందు?”

“మంగళవారం, బల్ల దగ్గర.”

“ఆ బల్ల కాడే చెప్పండి. నేను వస్తాను. ఇంటాను.”

మంగళవారం దాకా ఉన్న ఆ రెండు రోజులు ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగాను. ముందే అన్నకు ఫోన్ చేసి చెప్పేద్దామా అనుకున్నాను. అలా చేస్తే ఆయన ఏదో ఒకటి సర్దేస్తాడు, బల్ల దాకా రాదు. ఫోన్ చేయలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసింది అదొక్కటే కావచ్చు, అది కూడా ఏమీ చేయకుండా ఉండడమే.

మేస్త్రి మూడింటికి పది నిమిషాల ముందే వచ్చాడు, ఆదివారం వేసుకున్న తెల్ల చొక్కాతోనే. బల్ల దగ్గర కుర్చీలన్నీ మా లెక్కకే ఉన్నాయి. మేడమ్ తన కుర్చీ జరిపి ఇంకొకటి తెప్పించారు. నేను ఆ షీటు చరిత్ర పేజీ తెర మీద పెట్టి, నా పేరున్న రెండు చోట్లా చూపించి, జరిగింది చెప్పాను. మధ్యలోంచి కాదు, టీ బంకు నుంచి.

అన్న తెర మీద నా వరస వైపు చూశాడు. “వరి మడి అన్నాను గదరా నేను” అన్నాడు. ఇంకేం తిట్టినా అంత తగిలేది కాదు. ఆ తర్వాత మోడల్ బాధ్యత నా దగ్గర నుంచి తీసి పైపుల ఇంజినీరుకు ఇచ్చారు. పని నుంచి తీసేస్తారనుకున్నాను, తీయలేదు. ఎందుకు తీయలేదో నేను అడగలేదు.

స్ట్రక్చరల్ ఇంజినీరు మేస్త్రి వైపు తిరిగి, “పిల్లర్ పక్క బొక్క మీకెందుకు నచ్చలేదు?” అని అడిగారు. మేస్త్రి నోటితో చెప్పలేదు. సుద్దముక్క కావాలన్నాడు. ఆఫీసు నేల మీద బల్ల పక్కనే బీము గీశాడు, నడిచి చూపించాడు. మేడమ్ వెనకాలే నడిచారు. ఆ పెద్దాయన కూడా బూట్లు విడిచి నడిచారు. “నేను దాన్ని జరిపింది ఇందుకే” అన్నారు ఆయన. మేస్త్రి తల ఊపాడు. ఎదురుచూస్తున్న జవాబు వచ్చినట్టుగా కాదు, అది తనకు ముందే తెలిసినట్టుగా.

నియమాల్లో ఒకటి మారింది. ‘చూశాను’ ఇప్పుడు సైటులో ఎవరూ ఒంటరిగా నొక్కకూడదు. మేస్త్రి గీసి, నడిచి, సరేనన్నాకే నొక్కాలి. మేడమ్ కోసం నేను రాసిన పేజీలో అది చివర ఉంది. మొదట్లో నా తప్పు ఉంది. పేర్లు వద్దన్నారు కానీ సైట్ ఇన్‌ఛార్జి అని రాశాను, ఆ సైటుకు ఇన్‌ఛార్జి ఒక్కడే.

మేస్త్రి వారం తర్వాత మనుషులతో తిరిగి వచ్చాడు. సుద్దముక్కల డబ్బా కూడా వచ్చింది. నాతో మర్యాదగానే ఉంటాడు. సార్ అంటాడు, టీ తాగమంటాడు. స్లాబు రోజున భోజనానికి నా పక్కన మాత్రం కూర్చోడు. నేను కూడా పిలవను.

షీటు ఇచ్చినప్పుడు మునుపటిలా ‘ఇదేనా’ అని అడగడు. అద్దాలు పెట్టుకుని, చెయ్యి చాచి, “ఫోన్ తెరవండి సార్” అంటాడు. నేను తెరుస్తాను. కాగితం మీద తేదీ, ఫోన్‌లో తేదీ, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. తొందరపడడు. ఒక్కోసారి నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషంలో నాకు ఎటు చూడాలో తెలియదు. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలుకుతూ తిరుగుతున్న చక్రాల వైపు చూస్తాను, మళ్ళీ ఆయన వేలి వైపు చూస్తాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్చను.